కొత్త కబోర్డుల ఘాటు, కళ్ల మంట: ఫార్మాల్డిహైడ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

సుధ_నల్లగండ్ల

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఫ్లాట్ తీసుకున్నాం. ఇంటీరియర్ పని ఈమధ్యే పూర్తయింది. కిచెన్, మూడు వార్డ్‌రోబులు, బాబు గదిలో మంచం, చదువుకునే బల్ల, హాల్లో టీవీ యూనిట్. తాళం తీసి లోపలికి వెళ్లిన కాసేపటికే కళ్లు మండుతున్నాయి, గొంతు గరగరలాడుతోంది. వార్డ్‌రోబ్ తలుపు తీస్తే ముక్కులో గుచ్చినట్టు ఉంటోంది. బాబుకి ఐదేళ్లు. చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడతాం.

పని చేసినాయన్ని అడిగితే "కొత్త వాసన మేడమ్, నాలుగు రోజులు కర్పూరం వెలిగించండి, పోతుంది" అన్నారు. కొటేషన్‌లో "ఇంజినీర్డ్ వుడ్" అని ఉంది తప్ప ఏ బోర్డు, ఏ గ్రేడు అన్నది లేదు. ముహూర్తం పెట్టేశారు. ఆ రోజే సామాను దించుకుని అక్కడే ఉండిపోవాలని మా అత్తగారి పట్టు. నెట్‌లో చూస్తే ఇది బోర్డుల జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువట, దానివల్ల క్యాన్సర్ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇది నిజంగా ప్రమాదమా? ఇప్పుడు నేనేం చేయగలను?

బెజవాడ_ప్లైవుడ్

సుధ గారూ, ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ బోర్డో తేల్చుకోండి. ఏదో ఒక వార్డ్‌రోబ్ తలుపుకి హింజి స్క్రూలు విప్పించండి. హింజి కూర్చునే గుండ్రటి గుంతలో బోర్డు లోపలి భాగం కనిపిస్తుంది. ఒకే రంగులో నున్నటి పొడిలా ఉంటే ఎండీఎఫ్ లేదా హెచ్‌డీహెచ్‌ఎంఆర్, అంటే చెక్క పీచుని జిగురుతో కలిపి నొక్కి చేసే బోర్డులు. చెక్క పొట్టు ముక్కలు ముక్కలుగా కనిపిస్తే పార్టికల్ బోర్డు. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్.

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల్లో ఎక్కువగా వాడే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. చవక, రంగు ఉండదు, ప్రెస్‌లో త్వరగా గట్టిపడుతుంది. ఎండీఎఫ్ బరువులో సుమారు పదో వంతు జిగురే. ప్లైవుడ్‌లో కాస్త తేమను మాత్రమే తట్టుకునే ఎంఆర్ గ్రేడుకి కూడా మామూలుగా ఇదే జిగురు. ఐఎస్ 710 అని భారత ప్రమాణం నంబరు ముద్ర ఉండే మెరైన్ ప్లైకి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. దాని పేరులోనూ ఫార్మాల్డిహైడ్ ఉంది కానీ అది ఒకసారి గట్టిపడితే దాదాపు విడిపోదు, గాలిలోకి వదిలేది చాలా తక్కువ.

మా షాపుకి వచ్చేవాళ్లు "వాటర్‌ప్రూఫేనా?" అని అడుగుతారు, "చెదలు పడుతుందా?" అని అడుగుతారు. "ఎమిషన్ ఎంత?", అంటే గాలిలోకి ఎంత వదులుతుంది అని అడిగేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో. ఎంఆర్, బీడబ్ల్యూఆర్, బీడబ్ల్యూపీ అన్నవి నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గ్రేడులు. గాలిలోకి ఎంత వదులుతుందో చెప్పేవి వేరే ఉంటాయి: ఈ1, ఈ0, కార్బ్ ఫేజ్ 2 లాంటివి. కొనేవాళ్లు ఈ రెండిటినీ కలిపేసుకుంటున్నారు.

కెమిస్ట్రీ_మాస్టారు_ఓరుగల్లు

అమ్మా సుధా, మీ కళ్ల మంట ఊహ కాదు. ఫార్మాల్డిహైడ్ మైనస్ 19 డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం, కాబట్టి మన ఇళ్లలో ఎప్పుడూ వాయువుగానే ఉంటుంది. నీళ్లలో ఇట్టే కరుగుతుంది. అందుకే తడిగా ఉండే చోటునే ముందు పట్టుకుంటుంది: కన్ను, ముక్కు, గొంతు. మెడికల్ కాలేజీలో అనాటమీ హాలుకి వెళ్లినవాళ్లని అడగండి, అక్కడి ఫార్మలిన్ దీని నీటి ద్రావణమే, సుమారు 37 శాతం.

బోర్డు నుంచి ఇది రెండు రకాలుగా బయటికి వస్తుంది. జిగురులో కలవకుండా మిగిలిపోయిన భాగం మొదటి వారాల్లో, నెలల్లో తడి బట్ట ఆరినట్టు వెళ్లిపోతుంది. ఘాటు ఎక్కువగా ఉండేది అప్పుడే. రెండోది నెమ్మదిగా, ఏళ్ల తరబడి సాగేది. గాలిలోని తేమ యూరియా జిగురు బంధాలను కొద్దికొద్దిగా విడగొడుతుంది, విడిపోయిన ప్రతిసారీ కాస్త ఫార్మాల్డిహైడ్ బయటపడుతుంది. వేడి, తేమ రెండూ పెరిగితే ఇది బాగా పెరుగుతుంది. అంటే కిటికీలు మూసిన ఇల్లు, మే నెల ఎండ, ఆ తర్వాత వానాకాలపు ముసురు... ఈ జిగురుకి ఇంతకన్నా చెడ్డ కాలం లేదు.

కర్పూరం సంగతి: ఒక ఘాటును ఇంకో ఘాటుతో కప్పడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఏది కాలినా కొంత ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. అగరబత్తి, సిగరెట్, గ్యాస్ పొయ్యి, అన్నీ. దోమల కాయిల్స్ మీద 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క కాయిల్ కాలితే 51 సిగరెట్లు కాల్చినంత ఫార్మాల్డిహైడ్ దాకా వెలువడవచ్చని తేలింది. పిల్లాడి గదిలో కాయిల్ మాత్రం పెట్టకండమ్మా, దోమతెర కట్టండి.

రవి_అనంతపురం

అందరినీ ఇలా భయపెట్టడం అవసరమా? మేమూ ఇంటీరియర్ చేయించుకున్నాం, మరుసటి వారమే దిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. యాపిల్ పండులో కూడా ఫార్మాల్డిహైడ్ ఉంటుందట. పైగా మా ఇంట్లో ఇప్పుడు వాసనే లేదు. వాసన లేకపోతే అది పోయినట్టే కదా?

కెమిస్ట్రీ_మాస్టారు_ఓరుగల్లు

రవీ, యాపిల్ మాట నిజమే. పచ్చి కలపలోనూ కొంచెం ఉంటుంది, మన రక్తంలోనూ లీటరుకి 2, 3 మిల్లీగ్రాములు సహజంగా ఉంటుంది. ఒంట్లో పుట్టేదాన్ని ఒళ్లు క్షణాల్లో మార్చేసుకుంటుంది. మన గొడవ దానితో కాదు. గాలితో పాటు వచ్చి ముక్కు పొరల మీద రోజూ, రాత్రంతా పడేదానితో.

వాసన విషయంలో మాత్రం నీ మాట ఒప్పుకోలేను. కొందరికి చాలా తక్కువలోనే తెలుస్తుంది, కొందరికి దానికి ఎన్నో రెట్లున్నా తెలియదు. అదే గదిలో ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది కూడా. డబ్ల్యూహెచ్‌ఓ 2010లో ఇంటిలోపలి గాలికి పెట్టిన హద్దు అరగంట సగటున ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము, అంటే 0.08 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 0.08 భాగం). అంతకు మించి ఉన్నా వాసన పట్టలేనివాళ్లు చాలామంది ఉంటారు.

పిల్లల_వైద్యం_గుంటూరు

నేను పిల్లల డాక్టర్ని. సుధ గారూ, రెండు విషయాలు విడదీసి చెప్తాను, లేకపోతే భయం ఎక్కువైపోతుంది.

క్యాన్సర్ సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2004లో దీన్ని గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో చేర్చింది. ముందు ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్, తర్వాత 2009లో ఒక రకం రక్త క్యాన్సర్. అయితే ఆ రుజువులు ఎక్కువగా వృత్తిలో ఏళ్ల తరబడి పీల్చినవాళ్లవి: శవాలను భద్రపరిచేవాళ్లు, జిగురు ఫ్యాక్టరీల కార్మికులు. కొత్త కబోర్డు వల్ల మీ బాబుకి క్యాన్సర్ వచ్చేస్తుందని మీరు రాత్రిళ్లు నిద్ర మానుకోవద్దు.

నాకు ఆందోళన కలిగించేది రెండోది, పిల్లికూతలు. శ్వాసనాళాలు ముందే సున్నితంగా ఉన్న పిల్లాడికి ఈ ఘాటు దగ్గునీ ఆయాసాన్నీ రేపగలదు. పిల్లలు వాళ్ల బరువుతో పోలిస్తే మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. రోజులో సగం గదిలోనే ఉంటారు. మీ కళ్లే మండుతున్న ఇంట్లో బాబుని పడుకోబెట్టకండి. ఇది మీ అత్తగారితో నా మాటగా చెప్పండి.

వేణు_శాక్రమెంటో

ఇక్కడ అమెరికాలో జరిగింది చెప్తే మీకు ఉపయోగపడుతుంది. 2005లో కత్రినా తుపాను తర్వాత ఇళ్లు పోయినవాళ్లకి ప్రభుత్వ సంస్థ ఫెమా ట్రైలర్ ఇళ్లు ఇచ్చింది. చిన్న డబ్బా లాంటి ఇల్లు, గోడలు, అల్మారాలు, నేల అన్నీ జిగురు బోర్డులే. జనం కళ్ల మంట, తలనొప్పి, ముక్కు నుంచి రక్తం అని మొత్తుకున్నారు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఇక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్లు 2007 డిసెంబర్, 2008 జనవరిలో లూసియానా, మిసిసిపీల్లో 519 ట్రైలర్లలో గాలి కొలిచారు. సగటు 77 పీపీబీ (వెయ్యి పీపీబీ ఒక పీపీఎం). కొన్నింటిలో 3 మాత్రమే, ఒకదానిలో ఏకంగా 590. కొలిచింది చలికాలంలో! ఎండాకాలం వస్తే ఇంకా పెరుగుతుంది, ఈలోపే జనాన్ని ఖాళీ చేయించండి అని వాళ్లే చెప్పారు.

మా కాలిఫోర్నియాలో గాలి నియంత్రణ బోర్డు, దాన్నే కార్బ్ అంటారు, 2007లో బోర్డులకు హద్దులు ఆమోదించింది. ఫేజ్ 2 లెక్కల్లో ప్లైవుడ్‌కి 0.05 పీపీఎం, పార్టికల్ బోర్డుకి 0.09, ఎండీఎఫ్‌కి 0.11, పల్చటి ఎండీఎఫ్‌కి 0.13. తర్వాత 2010లో దేశమంతటికీ చట్టం చేశారు, 2018 జూన్ నుంచి అమలు. ఇప్పుడు ఇక్కడ బల్ల కొన్నా, పుస్తకాల అర కొన్నా డబ్బా మీద ఆ చట్టం పేరుతో లేబుల్ ఉంటుంది.

లేబుల్ ఉంటే చాలు అని కూడా అనుకోకండి. 2015లో ఇక్కడ ఒక పెద్ద చెయిన్ షాపు అమ్మిన చైనా లామినేట్ ఫ్లోరింగ్ మీద కార్బ్ ముద్ర ఉన్నా, పరీక్షిస్తే హద్దు దాటింది. దాని మీద ప్రభుత్వ శాస్త్రవేత్తలు 2016లో వేసిన మొదటి లెక్కలో పైకప్పు ఎత్తుని అడుగుల నుంచి మీటర్లలోకి మార్చడం మర్చిపోయారు. సరిచేశాక ప్రమాదం అంచనా దాదాపు మూడు రెట్లు పెరిగింది: లక్ష మందిలో 6 నుంచి 30 అదనపు క్యాన్సర్ కేసులు.

సుధ_నల్లగండ్ల

అందరికీ చాలా థాంక్స్. హింజి విప్పి చూశాం. కిచెన్ పొరలుగా ఉంది, ప్లై. వార్డ్‌రోబులు, బాబు గది మొత్తం పార్టికల్ బోర్డు. నేను డబ్బు కట్టింది దీనికని అస్సలు అనుకోలేదు. పని చేసినాయన్ని మళ్లీ అడిగితే "ఈ1 మెటీరియల్ మేడమ్, యూరప్ స్టాండర్డ్" అని వాట్సాప్‌లో పంపారు. ఈ1 అయితే పర్లేదా? ఇంకో సంగతి, మా ఆడపడుచు మనీ ప్లాంట్లు, స్నేక్ ప్లాంట్లు పెట్టమంటోంది. మావారు ఎయిర్ ప్యూరిఫైయర్ కొందామంటున్నారు. ఏసీ రోజంతా వేసి ఉంచితే తగ్గుతుందా?

కెమిస్ట్రీ_మాస్టారు_ఓరుగల్లు

ఒక్కొక్కటే చూద్దామమ్మా.

ఈ1 అంటే పరీక్ష గదిలో ఘనపు మీటరుకి 0.124 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పరీక్ష గది 23 డిగ్రీల వేడిలో, 45 శాతం తేమలో ఉంటుంది. గంటకోసారి గాలి పూర్తిగా మారుతుంది. ఘనపు మీటరు గాలికి ఒక చదరపు మీటరు బోర్డు పెడతారు. మన ఇళ్లలో మేలో 23 డిగ్రీలు ఎక్కడిది? కాకినాడలోనో మచిలీపట్నంలోనో 45 శాతం తేమ ఎన్నాళ్లుంటుంది?

బోర్డు లెక్క కూడా వేసి చూడండి. 10 అడుగులు, 12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు. 1200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. వార్డ్‌రోబ్‌కి 8 బై 4 షీట్లు ఆరు పట్టాయనుకుందాం. ఒక్కో షీటు రెండు వైపులా కలిపి 64 చదరపుటడుగులు, దాదాపు 6 చదరపు మీటర్లు. మొత్తం 36. ఒక్క వార్డ్‌రోబ్‌తోనే పరీక్ష గదిలో పెట్టినంత బోర్డు వచ్చేసింది. ఆ పైన మంచం, బల్ల. గంటకోసారి గాలి మారే సంగతి దేవుడెరుగు, ఏసీ కోసం కిటికీలన్నీ బిగించేస్తాం. లామినేట్ అంటించిన చోట ఎమిషన్ చాలావరకు తగ్గుతుంది, అది మనకి కలిసొచ్చే అంశం. అయినా ఈ1 అన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉండలేం. యూరప్ వాళ్లే అది చాలదనుకుని, 2023లో కొత్త నియమం తెచ్చారు. 2026 ఆగస్టు 6 నుంచి ఫర్నిచర్‌కి హద్దు 0.062, అంటే ఈ1లో సగం.

ఏసీ గురించి చాలామందికి ఉన్న అపోహ ఇది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. వేడి తగ్గుతుంది కాబట్టి బోర్డు వదిలేది కొంత తగ్గుతుంది, వదిలినది మాత్రం గదిలోనే పేరుకుంటుంది.

మొక్కల నమ్మకం 1989లో నాసా వాళ్లు చిన్న మూసిన గదుల్లో చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క కడితే, మామూలు ఇంట్లో గాలి మారడం వల్ల జరిగే శుభ్రతకి సమానం కావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అందానికి పెట్టుకోండి, ఈ పనికి కాదు.

ప్యూరిఫైయర్‌లో హెపా ఫిల్టర్ దుమ్మునే పట్టగలదు, వాయువుని పట్టలేదు. మామూలు బొగ్గు ఫిల్టర్‌కి కూడా ఈ చిన్న అణువు సరిగా చిక్కదు. పొటాషియం పర్మాంగనేట్ లాంటిది పట్టించిన ఫిల్టర్ అయితే పనిచేస్తుంది కానీ అదీ కొన్నాళ్లకి అయిపోతుంది. ఓజోన్ యంత్రాలు అమ్ముతున్నారు, వాటి జోలికి వెళ్లకండి, ఓజోన్ ఊపిరితిత్తులకి హాని.

ఖర్చులేని మందు గాలి. అన్ని తలుపులూ, అరలూ, డ్రాయర్లూ బయటికి లాగి తెరిచి, ఎదురెదురు కిటికీలు తీసి, ఒక కిటికీలో ఫ్యాన్ బయటి వైపు తిప్పి పెట్టండి. బాత్రూమ్, కిచెన్ ఎగ్జాస్టులు రోజంతా నడవనివ్వండి. బట్టలు, పరుపులు అప్పుడే పెట్టకండి, అవి వాయువుని పీల్చుకుని తర్వాత తిరిగి వదులుతాయి.

బెజవాడ_ప్లైవుడ్

మాస్టారు చెప్పినదానికి నా పని అనుభవం కలుపుతాను. లామినేట్ బయట వేసి లోపల వదిలేస్తారు చాలామంది. లోపలి వైపు అంటించే పల్చటి షీటు, లైనర్, వేశారో లేదో చూసుకోండి. వేసినా మూడు చోట్ల బోర్డు బట్టబయలుగా ఉంటుంది: గోడ వైపు ఉండే వెనక షీటు, అరల వెనక అంచులు, హింజీలకీ వైర్లకీ కోసిన కన్నాలు. బోర్డు అంచు నుంచి వచ్చేది ముఖం నుంచి వచ్చేదానికన్నా చాలా ఎక్కువ. అంచులన్నిటికీ ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచు మీద అంటించే పట్టీ, వేయించండి. బ్యాండ్ వేయడం కుదరని చోట రెండు మూడు కోట్లు మంచి సీలర్ కొట్టించండి. పెద్ద ఖర్చు కాదు, ఒక మనిషికి రెండు రోజుల పని.

కొందరు "ఫెవికాల్ వాసన" అంటారు. వడ్రంగి వాడే తెల్ల జిగురు వేరే రకం, అందులో ఈ ఫార్మాల్డిహైడ్ రెసిన్ ఉండదు. రబ్బరు జిగురు, థిన్నర్, పెయింట్ ఘాటు కూడా వేరు, అవి త్వరగా పోతాయి.

అన్నిటికన్నా జనానికి తెలియనిది మెలమైన్ పాలిష్. "మాది అసలు టేకు, మాకు భయం లేదు" అంటారు, దాని మీద మెలమైన్ పాలిష్ కొట్టిస్తారు. అది ఫార్మాల్డిహైడ్ రెసినే, ఆరేటప్పుడు దండిగా వదులుతుంది. మీ తలుపులకి ఏ పాలిష్ కొట్టారో అడగండి.

సత్తిబాబు_నరసన్నపేట

మా ఇంట్లో మూడు తరాలుగా వడ్రంగమే. మా తమ్ముడు హైదరాబాదులో ఇంటీరియర్ పనికి వెళ్తాడు. ఇక్కడ అందరూ ఇంట్లో దిగబోయేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, అది న్యాయమే. కానీ ఆ ఇంట్లో నెలల తరబడి ఉన్నది వీళ్లే కదండీ. పగలంతా కిటికీలు మూసి ఎండీఎఫ్ కోస్తారు, దుమ్ము బయటికి వెళ్తే అపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకోరు. రాత్రి అదే హాల్లో, కోసిన షీట్ల పక్కనే పడుకుంటారు, అద్దె మిగులుతుందని. ఒక ఇల్లు అయిపోతే ఇంకో కొత్త ఇల్లు. వీళ్లకి ఈ గాలి ఎప్పుడూ పాతబడదు. మా తమ్ముడికి ఏడాది నుంచి పొద్దున్నే ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం. డాక్టరు దుమ్ము అలర్జీ అన్నాడు.

ఇల్లు చేయించుకునేవాళ్లకి నా మనవి ఒకటే. మీ పని చేసే కుర్రాళ్లకి పడుకోవడానికి వేరే గది చూపించండి. కనీసం బాల్కనీ ఇవ్వండి. కోత బాల్కనీలోనో కింద సెల్లార్‌లోనో పెట్టించండి, పర్మిషన్ మీరు మాట్లాడితే వస్తుంది, వాళ్లు అడిగితే రాదు.

పిల్లల_వైద్యం_గుంటూరు

సత్తిబాబు గారూ, మీ తమ్ముడికి బట్ట మాస్కు చాలదు. దుమ్ముకి ఎన్95 పనిచేస్తుంది, ఈ వాయువుకి అది కూడా పనిచేయదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పనికి సెలవు పెట్టి ఊరొచ్చినప్పుడు ఇబ్బంది తగ్గి, తిరిగి పనికి వెళ్లగానే మొదలవుతుందేమో గమనించమనండి. అలా ఉంటే ఛాతీ డాక్టరుకి ఆ సంగతే ముందు చెప్పాలి. మామూలుగా మేం "ఏం పని చేస్తావు" అని అడిగి ఊరుకుంటాం, "ఎక్కడ పడుకుంటావు" అని అడగం. ఇకనుంచి అడుగుతాను.

మహేశ్_కరీంనగర్

మాస్టారు సార్, నేను ఆన్‌లైన్ల చిన్న మీటర్ కొన్న. పొద్దున పచ్చగ చూపిస్తది, సాయంత్రం మా అమ్మ దీపం పెట్టి అగరబత్తి ముట్టిచ్చంగనే ఎర్రగైతది. ఒకసారి చేతులకు శానిటైజర్ రాసుకుంటే కూడ అంతే. దీన్ని నమ్మాల్నా వద్దా?

కెమిస్ట్రీ_మాస్టారు_ఓరుగల్లు

మహేశ్, చవక మీటర్లలో సెన్సర్‌కి ఆల్కహాల్, సెంటు, పొగ అన్నీ ఒకటే. అంకెని నమ్మవద్దు. వంట, పూజ, సెంటు ఏమీ లేకుండా రాత్రంతా మూసి ఉంచిన గదిలో పెట్టి, అదే మీటర్‌తో బయట బాల్కనీలో చూసి, రెండిటికీ తేడా ఎంతో చూసుకోవడానికి కొంత పనికొస్తుంది. సరైన పద్ధతి వేరు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ వాళ్లు, ఫార్మాల్డిహైడ్‌ని పట్టుకునే డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూత ఉన్న చిన్న గొట్టంలోంచి గదిలో గాలిని పంపించి, దాన్ని ల్యాబ్‌లో విశ్లేషిస్తారు. ఫోన్ చేసినప్పుడు "ఇంటిలోపలి గాలిలో ఫార్మాల్డిహైడ్, డీఎన్‌పీహెచ్ పద్ధతిలో చేస్తారా" అని అడుగు.

మన దేశంలో బయటి గాలికి 2009లో పెట్టిన ప్రమాణాల్లో 12 కాలుష్యాలున్నాయి, వాటిలో ఫార్మాల్డిహైడ్ లేదు. అందుకే ల్యాబ్ రిపోర్టుని డబ్ల్యూహెచ్‌ఓ హద్దుతో పోల్చుకోవాలి. కొందరు ఫ్యాక్టరీ హద్దుతో పోల్చి "అంతా బాగుంది" అని రాసిస్తారు. అమెరికాలో కార్మికుడికి 8 గంటల సగటు 0.75 పీపీఎం, అంటే ఇంటి హద్దుకి తొమ్మిది రెట్లు పైనే. అది పనిచేసే వయసులో ఉన్న ఆరోగ్యవంతుడి కోసం పెట్టింది, ఇంట్లో రాత్రింబవళ్లు ఉండే పసివాడి కోసం కాదు.

సుధ_నల్లగండ్ల

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. హాల్లో డబ్ల్యూహెచ్‌ఓ హద్దుకి లోపలే ఉంది. బాబు గదిలో, మా పడకగదిలో హద్దు పైన ఉంది. అత్తగారికి రిపోర్టు చూపించి, డాక్టరు గారు రాసింది చదివి వినిపించాను. ముహూర్తానికి గృహప్రవేశం చేసి, పాలు పొంగించి, వ్రతం చేసుకుని ఆ సాయంత్రమే పాత ఇంటికి వచ్చేశాం. అద్దె ఇల్లు ఇంకొన్నాళ్లు ఉంచుకుంటున్నాం. బాబు మంచం, బల్ల తీసేయించి మా పాత టేకు మంచం, ఇనప బీరువా ఆ గదిలో వేయిస్తున్నాం. అంచుల పని మొదలైంది. డబ్బు విషయం పని చేసినాయనతో ఇంకా తేలలేదు.

జ్యోతి_చీరాల

సుధ గారూ, బీరువాలో బాబు కొత్త బట్టలు పెట్టే ముందు ఒక మాట. మాది బట్టల వ్యాపారం. ముడత పడని చొక్కాలు, ప్యాంట్లు అని వచ్చేవాటికి ఫార్మాల్డిహైడ్ రెసిన్ ఫినిష్ ఉంటుంది, నూలు గుడ్డ నలగకుండా నిలబడేది దానివల్లే. జపాన్‌లో రెండేళ్ల లోపు పిల్లల బట్టల్లో కిలోకి 16 మిల్లీగ్రాములు మించకూడదని ఎప్పటినుంచో చట్టం ఉంది. మనం పండక్కి కొత్త బట్టలకి పసుపు పెట్టి ఉతక్కుండానే తొడుగుతాం. మెడ దగ్గర, చంకల్లో, తొడల మధ్య దద్దుర్లు వచ్చేది చాలావరకు అలాంటప్పుడే. ఒకసారి నీళ్లలో జాడించి ఆరేసి, అప్పుడు పసుపు పెట్టుకుంటే ఆచారమూ ఉంటుంది, ఒళ్లూ బాగుంటుంది.

లత_విశాఖ_పార్లర్

మా పార్లర్ల సంగతి కూడా చెప్పాలి. జుట్టు స్ట్రెయిట్ చేసే కొన్ని మందుల్లో ఇదే ఉంటుంది. డబ్బా మీద "ఫార్మాల్డిహైడ్ లేదు" అని రాసి, లోపల మిథైలీన్ గ్లైకాల్ అని ఉంటుంది, ఐరన్ వేడి తగలగానే అది ఫార్మాల్డిహైడే అవుతుంది. 2011లోనే అమెరికా కార్మిక భద్రత శాఖ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. చిన్న ఏసీ గది, ఎగ్జాస్ట్ ఉండదు, రోజుకి ఇద్దరు ముగ్గురు కస్టమర్లు. కస్టమర్ రెండు గంటలు పీల్చి వెళ్తుంది, మా అమ్మాయిలు రోజంతా పీలుస్తారు. నేను ఆ సర్వీసు ఆపేశాను. ఆదాయం తగ్గింది కానీ అమ్మాయిల దగ్గు తగ్గింది.

శ్రీను_భీమవరం

చేపల్లో కలిపే ఫార్మలిన్ కూడా ఇదేనా? 2018 జులైలో అస్సాం ప్రభుత్వం మన ఆంధ్రా చేపల్ని పది రోజులు ఆపేసినప్పుడు మా చెరువులవాళ్లు ఎంత నష్టపోయారో నాకు తెలుసు.

కెమిస్ట్రీ_మాస్టారు_ఓరుగల్లు

పదార్థం అదే శ్రీనూ, దారి వేరు. అది కడుపులోకి వెళ్లేది, ఇది ముక్కులోకి వెళ్లేది. అక్కడ కలపడమే నేరం, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీ తయారుచేసిన కిట్‌తో సంతలోనే పరీక్షించవచ్చు. దాని మీద వేరే చర్చ మొదలుపెట్టు, నేనూ రాస్తాను.

ప్రసాద్_తిరుపతి

మేం వచ్చే నెల కబోర్డుల పని మొదలుపెడుతున్నాం. కొటేషన్‌లో ఏం రాయించుకోవాలో బెజవాడ అన్నగారు ఒక్కసారి చెప్పగలరా? బాత్రూమ్ పక్క గోడకి వార్డ్‌రోబ్ వస్తుంది, దానికి ఏ బోర్డు?

బెజవాడ_ప్లైవుడ్

ప్రసాద్ గారూ, "ఇంజినీర్డ్ వుడ్" అన్న మాట కొట్టేయించండి. ప్రతి వస్తువు పక్కన బోర్డు రకం, ఐఎస్ నంబరు, మందం, ఎమిషన్ తరగతి రాయించండి. పిల్లల గదికి ఈ0 లేదా కార్బ్ ఫేజ్ 2 అని ప్రత్యేకంగా రాయించండి. షీట్లు లోడు దిగిన రోజున మీరు దగ్గరుండి, షీటు మీద ముద్ర ఫోటో తీసుకోండి, కోశాక ఆ ముద్ర కనపడదు. బోర్డు కంపెనీ టెస్ట్ రిపోర్టు డీలర్ దగ్గర ఉంటుంది, ఇవ్వమని అడగండి, నేనైతే అడిగినవాళ్లకి ఇస్తాను. రెండు వైపులా లామినేట్, అన్ని అంచులకీ బ్యాండ్, పాలిష్‌కి మెలమైన్ వద్దు, నీటి ఆధారిత పాలిష్ అని రాయించండి. పని ముగిసిన రోజుకీ మీరు దిగే రోజుకీ మధ్య కనీసం నెలన్నర ఉండేలా ముహూర్తం చూసుకోండి, వర్షాకాలమైతే ఇంకొంచెం.

బాత్రూమ్ పక్క గోడకి మాత్రం ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లాంటివేవీ పెట్టకండి. గోడకి చెమ్మ ఉంటే ముందు అది ఎక్కడినుంచి వస్తోందో ప్లంబర్‌కి చూపించి ఆపించండి. తర్వాత ఐఎస్ 710 ప్లై వేసి, గోడకీ వెనక షీటుకీ మధ్య అంగుళం ఖాళీ వదిలించండి.